ట్యాబు నాది... అందులో పేరెవరిది?

"బోర్డు పోయిందమ్మా. దీనికి పెట్టే డబ్బుకి ఇంకొంచెం వేసుకుంటే కొత్తదే వస్తుంది."

ఈ మాట ఏదో ఒక రోజు, ఏదో ఒక షాపులో వినని ఇల్లాలు ఈ రోజుల్లో ఉంటుందంటే నేను నమ్మను. టీవీకైనా, సెల్లుకైనా, మిక్సీకైనా ఇదే మాట. అది విని మనం ఏం చేస్తాం? "అయ్యో, అట్నా!" అని నిట్టూర్చి, పర్సులో ఎంతుందో లెక్కపెట్టుకుంటాం. బోర్డంటే ఏంది, అది పోయిందని నీకెట్లా తెలిసింది, ఒకసారి చూపించు నాయనా అని అడిగిన వాళ్ళెంతమంది? నేనైతే అడగలేదు. నలభై రెండేళ్ళొచ్చినా అడగలేదు. అడగాలని ఎట్లా తెలిసొచ్చిందో చెబుదామనే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నా.

మాది నెల్లూరికి తూర్పున, మైపాడు పోయే దారిలో సముద్రానికి దగ్గర్లో ఉన్న ఊరు. మా ఇంటాయన రొయ్యల గుంటల దగ్గర పనిచేస్తారు. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. 2021లో కరోనా రెండో దెబ్బకి బళ్ళు మూతబడి, పాఠాలన్నీ ఆన్‌లైనులో చెప్పిన రోజులు మీకందరికీ గుర్తుండే ఉంటాయి. అప్పుడు మా అమ్మాయి తొమ్మిదిలోకొచ్చింది. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ వాళ్ళ నాన్నతో పాటు గుంట దగ్గరికి పోయేది. డ్వాక్రా గ్రూపులో తీసుకున్న అప్పులోంచి పదకొండు వేలు పెట్టి నెల్లూరు పోయి ఒక ట్యాబు కొనుక్కొచ్చాం. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం.

బళ్ళు తెరిచాక ఆ ట్యాబు మెల్లగా నా చేతికొచ్చింది. మూడేళ్ళలో అది నాకు రెండో కుట్టు మిషను అయిపోయిందంటే నమ్మండి. ఎవరి కొలతలు వాళ్ళ పేరుతో రాసి పెట్టుకునేదాన్ని. మెడ డిజైన్ల ఫోటోలు, గ్రూపు పుస్తకాల ఫోటోలు, అమ్మాయి ఇంటరు నోట్సు, అన్నీ అందులోనే. అన్నింటికంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. మా అమ్మ పోయే ముందు ఏడాది, ఆమె చేపల పులుసు ఎట్లా పెట్టేదో, మామిడికాయ ముక్కలు ఎప్పుడు వెయ్యాలో, ఏ చేపకి ఎంత పులుపు పట్టాలో ఆమె నోటితోనే చెప్పించి రికార్డు చేసుకున్నా. మధ్యమధ్యలో నన్ను తిట్టిన తిట్లు కూడా ఉన్నాయి అందులో.

ఒక్క 'సరే' నొక్కిన పాపానికి

2024 జూలైలో ఒక రోజు రాత్రి, 'అప్‌డేట్ చెయ్యమంటారా?' అని ట్యాబు అడిగింది. రోజూ అడుగుతూనే ఉంది పాపం, రోజూ 'తర్వాత' అని నొక్కి తప్పించుకుంటున్నా. ఆ రోజు ఎందుకో 'సరే' అని నొక్కా. ఛార్జింగు ఎంతుందో చూసుకోలేదు. బ్యాటరీ ముసలిదైపోయింది, కరెంటు కూడా పోయింది. పొద్దున లేచి చూద్దును కదా, కంపెనీ బొమ్మ వస్తుంది, పోతుంది, మళ్ళీ వస్తుంది. లోపలికి మాత్రం పోదు. గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగిపోయే అలిగిన అల్లుడి లాగా!

మా ఇంటాయన చూసి, "తెలియనివన్నీ ఎందుకు నొక్కతావు నువ్వు?" అన్నారు. ఆ మాటకి నాకు కోపం రాలేదు. సిగ్గేసింది. నిజంగానే ఏదో పెద్ద తప్పు చేశాననుకున్నా. షాపుకి తీసుకుపోతే అక్కడి అబ్బాయి అటూ ఇటూ తిప్పి చూసి, "సముద్రం పక్కన కదమ్మా మీది. ఉప్పుగాలికి బోర్డు తుప్పు పట్టేసుంటుంది. మారిస్తే 4,800 అవుద్ది" అన్నాడు. ట్యాబు విప్పకుండానే!

ఉప్పుగాలి సంగతి మాకు తెలియనిది కాదు. కిటికీ ఊచలు తినేస్తుంది, కుట్టు మిషను సూది తినేస్తుంది, ఛార్జరు పెట్టే చోట పచ్చగా చిలుం పట్టిస్తుంది. అందుకే ఆ మాట విన్న వెంటనే నమ్మేశాను. మనకు తెలిసిన నిజాన్ని అడ్డం పెట్టి చెబితే అబద్ధం కూడా నిజంలాగే ఉంటుంది మరి.

అత్తా, ఇది చావలేదు

ఆ నెలలోనే మా ఆడబిడ్డ, ఆమె కూతురు రొట్టెల పండక్కి వచ్చారు. మొహర్రం సమయంలో నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో ఆడవాళ్ళు రొట్టెలు మార్చుకోవడం మీరు వినే ఉంటారు. చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, ఇంటి రొట్టె, ఉద్యోగం రొట్టె... కోరిక ఉన్న వాళ్ళు ఆ రొట్టె తీసుకుంటారు, తీరిన వాళ్ళు వచ్చే ఏడాది రొట్టె తెచ్చి ఇస్తారు. చెరువులో మోకాటి లోతు నీళ్ళల్లో నిలబడి, "ట్యాబు రొట్టె ఎవరైనా ఇస్తే బాగుండు" అన్నా నవ్వులాటకి. మేనకోడలు అది పట్టుకుంది. పాలిటెక్నిక్ చదువుతుంది ఆ పిల్ల.

ఇంటికొచ్చాక ట్యాబు చేతిలోకి తీసుకుని, "అత్తా, కంపెనీ బొమ్మ వస్తుందంటే బోర్డుకి ప్రాణం ఉన్నట్టే. తెర వెలుగుతుంది, ఛార్జింగు ఎక్కుతుంది. పాడైంది సాఫ్ట్‌వేరు అయ్యుంటుంది. దాన్ని మళ్ళీ వేస్తే సరిపోతుందేమో చూద్దాం" అంది.

"సాఫ్ట్‌వేరు వెయ్యడమంటే ఏందే?" అన్నా.

"నీ జాకెట్టు లెక్కే అత్తా. కుట్టు తప్పుపోతే గుడ్డ పారేస్తావా? కుట్టు విప్పి, అదే కొలతకి మళ్ళీ కుడతావు కదా?"

చూశారా, ఇన్నాళ్ళూ ఎవరూ నాకిట్లా చెప్పలేదు. ట్యాబులో గాజు, బ్యాటరీ, బోర్డు ఇవన్నీ గుడ్డ. దాన్ని నడిపించే సాఫ్ట్‌వేరు కుట్టు. కంపెనీ వాడు మొదట ఏ కుట్టు వేసి పంపాడో, దాన్నే తెచ్చి మళ్ళీ మొదటి నుంచీ వెయ్యొచ్చు. షాపుల్లో దీన్నే 'ఫ్లాషింగ్' అంటారు, 'సాఫ్ట్‌వేర్ కొట్టడం' అని కూడా అంటారు. బోర్డు మార్చడానికీ దీనికీ సంబంధమే లేదు.

మేము చేసిందేమంటే...

వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, రేపు మీ ఇంట్లో ఇదే జరిగితే భయపడకుండా ఉంటారని. అందరూ చెయ్యాలని కాదు. షాపులో ఏం చేస్తున్నారో తెలుసుకుంటే చాలు.

ముందుగా మూడు గంటలు నిండా ఛార్జింగు పెట్టాం. మధ్యలో బ్యాటరీ చచ్చిందంటే మొదటికే మోసం. లోపలున్న మెమరీ కార్డు, సిమ్ము బయటికి తీశాం. ఆ తర్వాత పవర్ బటనూ, శబ్దం పెంచే బటనూ కలిపి నొక్కి పట్టుకుంటే నల్ల తెర మీద చిన్నచిన్న ఇంగ్లీషు అక్షరాలతో ఒక పట్టిక వచ్చింది. దాని పేరు రికవరీ. కొన్ని కంపెనీలకి నొక్కే బటన్లు వేరుగా ఉంటాయి. అక్కడ చాలా వాటికి వేలితో తాకితే పని జరగదు. శబ్దం బటన్లతో పైకీ కిందికీ పోయి, పవర్ బటనుతో ఒప్పుకోవాలి. అందులో 'వైప్ కాష్ పార్టిషన్' అని ఉంటే ముందు అది చెయ్యాలట. అది ట్యాబు వాడుకునే చిల్లర సరుకును మాత్రమే ఊడ్చేస్తుంది, మన ఫోటోల జోలికి పోదు. చేశాం. లాభం లేకపోయింది.

ఇక మిగిలింది రెండు దార్లు. ఒకటి అదే పట్టికలో ఉన్న 'ఫ్యాక్టరీ రీసెట్'. రెండోది కంప్యూటరుకి తగిలించి అసలు సాఫ్ట్‌వేరు మొత్తం కొత్తగా వెయ్యడం. మొదటిది మనం పెట్టుకున్న సరుకునంతా చెరిపేస్తుంది. కానీ అప్‌డేటు మధ్యలో ఆగి సాఫ్ట్‌వేరే తెగిపోయి ఉంటే, చెరిపినంత మాత్రాన అతుక్కోదు. రెండోది తెగిన దాన్ని అతికిస్తుంది. మా ట్యాబుకైతే దాంట్లో కూడా లోపలున్నవన్నీ పోతాయి.

"పోతే పోనీలే అనుకుంటేనే చేద్దాం అత్తా" అంది పిల్ల.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కొలతలు పోతే మళ్ళీ తీసుకోవచ్చు. గ్రూపు పుస్తకాలు బీరువాలో ఉన్నాయి. అమ్మాయి నోట్సు సగం దాని స్నేహితురాలి దగ్గర దొరుకుతుంది. మా అమ్మ గొంతు ఎక్కడ దొరుకుతుంది? చెరపకపోతే ట్యాబు బతకదు. బతకని ట్యాబులో అమ్మ గొంతు ఉన్నా వినలేను. ఇట్లాంటి కట్టు ఏ పురాణంలోనూ లేదు కదా అనుకున్నా. తెల్లారి లేచి, "చెయ్యి" అన్నా.

పక్కింటి వాళ్ళ నెట్టు కనెక్షను వాడుకుని, కంపెనీ వాళ్ళే ఇచ్చే ప్రోగ్రాం పిల్ల లాప్‌టాప్‌లో వేసుకుంది. ట్యాబు వెనకాల చిన్న అక్షరాల్లో రాసున్న మోడల్ నంబరు నా చేత రెండుసార్లు చదివించింది. ఒక్క అక్షరం తేడా ఉన్నా వేరే ట్యాబు సాఫ్ట్‌వేరు వస్తుందట. ఒకరి కొలతకి కుట్టిన జాకెట్టు ఇంకొకరికి ఎక్కించినట్టే. ఇక్కడైతే చినగడంతో ఆగదు, ట్యాబు మొత్తానికే మొరాయించొచ్చు. మూడు జీబీల పైన ఉన్న ఫైలు దిగడానికి ఒక పూట పట్టింది. కేబులు తగిలించాక ఇరవై నిమిషాల పని. ఆ ఇరవై నిమిషాలూ కేబులు కదలకూడదు. మా ఇంట్లో ఎవరినీ ఆ గదిలోకి రానివ్వలేదు, పురిటి గది లాగా!

బొమ్మ వచ్చింది. ఆగింది. పోలేదు. కాసేపటికి 'నమస్కారం' అంది తెర. మా ఆడబిడ్డ చప్పట్లు కొట్టింది. 4,800 రూపాయల బోర్డు, ఒక్క రూపాయి ఖర్చు లేకుండా బాగైపోయింది!

అసలు కథ ఇక్కడ మొదలైంది

సంతోషం ఐదు నిమిషాలే. పేరు, భాష, నెట్టు అన్నీ అడిగాక ట్యాబు ఇంకో మాట అడిగింది. ఇంతకు ముందు ఇందులో ఉన్న గూగుల్ అకౌంటు ఏదో చెప్పమంది. చెబితేనే లోపలికి రానిస్తానంది.

ఇది దొంగల కోసం పెట్టిన తాళం. ఎవరైనా ట్యాబు ఎత్తుకుపోయి మొత్తం చెరిపేసి అమ్ముకోకుండా ఆండ్రాయిడ్‌లో 2015 నుంచీ ఈ ఏర్పాటు ఉంది. మంచిదే. కానీ నా ట్యాబు ముందు దొంగలాగా నిలబడింది నేనే! ఎందుకంటే ఆ అకౌంటు నాది కాదు. 2021లో కొన్న రోజు షాపులో కుర్రాడు, "మీకు మెయిల్ ఉందామ్మా? లేదా? సరే, నేను చేసి పెడతా" అని టకటకా ఏదో కొట్టి చేతికిచ్చాడు. మూడేళ్ళు హాయిగా వాడుకున్నా. ఆ మెయిలు ఏ పేరుతో ఉందో, పాస్‌వర్డు ఏందో నేను అడగలేదు, అతను చెప్పలేదు. అతనిప్పుడు ఆ షాపులో లేడు. ఎక్కడున్నాడో ఎవరికీ తెలీదు.

అప్పు నాది, వాయిదాలు కట్టింది నేను, వాడుకుంది నేను. ట్యాబు మాత్రం ముక్కూ మొహం తెలియని ఒక కుర్రాడి పేరు మీద ఉంది. పొలం మనం దున్ని పాసుపుస్తకం ఇంకొకరి పేర ఉన్నట్టు!

బిల్లు తీసుకుని కంపెనీ సర్వీసు సెంటరుకి పోతే తాళం తీస్తారంది పిల్ల. బిల్లు వెతికి తీశాం. అది నూనె కాగితంలా తెల్లగా ఉంది. ఆ రకం కాగితం మీద అక్షరాలు ఏడాది రెండేళ్ళకి మాయమైపోతాయి. ఆ సంగతి ముందే తెలిసి మా అమ్మాయి బిల్లు ఫోటో తీసి పెట్టింది. ఎక్కడ? ఆ ట్యాబులోనే! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చివరికి అటక మీద ట్యాబు అట్టపెట్టె దొరికింది. దాని మీద ఉన్న నంబరు పట్టుకుని, కొన్న షాపులో పాత లెక్కల్లోంచి ఇంకో బిల్లు తీయించుకుని, సర్వీసు సెంటరులో ఇచ్చాం. తొమ్మిది రోజులకి తాళం తీసిచ్చారు. 350 రూపాయలు తీసుకున్నారు.

బిల్లు మా ఇంటాయన పేరు మీద ఉందని ఆయన సంతకం కూడా కావాలన్నారు. గుంటలో మేత వేసే టైము మానుకుని ఆయన నాతో వచ్చారు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో, "ఈసారి ఏం కొన్నా బిల్లు నీ పేరు మీద రాయించుకో" అన్నారు. తెలియనివన్నీ ఎందుకు నొక్కుతావన్న మనిషి నోటి నుంచే!

ఇది నా ఒక్కదాని సంగతా?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత లెక్కలు చూడండి. మన ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్టు వాడామని చెప్పిన ఆడవాళ్ళు నూటికి 21 మంది. మగవాళ్ళు 48.8. తమకంటూ వాడుకునే సెల్‌ఫోన్ ఉందన్న ఆడవాళ్ళు సగం కంటే తక్కువే. ఆ సర్వే జరిగి కొన్నేళ్ళయింది. ఇప్పుడు ఈ అంకెలు పెరిగే ఉంటాయి. అయితే ఫోను చేతిలో ఉన్నంత మాత్రాన అది మనదైనట్టా? అకౌంటు కొడుకు పేర, పాస్‌వర్డు మొగుడి నోట, తాళం షాపు కుర్రాడి దగ్గర ఉంటే, మనం దానికి యజమానులమా, కాపలాదారులమా?

ఒక పక్క పనులన్నీ వీటి మీదికే వచ్చేశాయి. ఏఎన్ఎం అక్కలకి ట్యాబులో వివరాలు ఎక్కించే 'అన్మోల్' పద్ధతి మన రాష్ట్రంలో 2016లోనే వచ్చింది. 2018లో పోషణ్ అభియాన్ మొదలయ్యాక అంగన్‌వాడీ టీచర్ల చేతికి ఫోన్లొచ్చాయి. 2022 డిసెంబరు 21 నుంచి ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకీ, వాళ్ళ టీచర్లకీ కలిపి 5 లక్షలకు పైగా ట్యాబులు పంచారు. మరుసటి ఏడాది ఇంకో విడత ఇచ్చారు. చేపలమ్ముకునే తల్లి ఇంట్లో కూడా ట్యాబు ఉందిప్పుడు. అది లోగో దగ్గర ఆగిపోయినప్పుడు ఏం చెయ్యాలో మాత్రం ఆ తల్లికి ఎవరు చెప్పారు? వాడటం నేర్పడానికి అందరూ ఉన్నారు. పాడైతే ఏందని చెప్పేవాళ్ళే లేరు.

'ఆడవాళ్ళకి మిషన్లు అర్థం కావు' అంటే నేనొప్పుకోను. కుట్టు మిషనులో బాబిన్ ఇరుక్కుంటే విప్పేది మనం కాదా? బెల్టు మార్చేది, నూనె వేసేది, కుక్కరు గాస్కెట్టు చూసుకునేది, గ్యాసు వాసనొస్తే రెగ్యులేటరు కట్టేసేది ఎవరు? గుంట దగ్గర అర్ధరాత్రి ఏరియేటరు ఆగితే మా ఇంటాయన స్పానరు పట్టుకుని మోటారు విప్పుతారు. "తెలియనిది ఎందుకు విప్పతావు?" అని ఆయన్నెవరూ అనరు. విప్పే కదా నేర్చుకున్నారు! మనకి తెలివి తక్కువ కాదు, విప్పి చూసే చనువే తక్కువ. ఆ చనువు ఎవరూ ఇవ్వరు, తీసుకోవాల్సిందే.

మన జిల్లా ఆడవాళ్ళకి ఇది కొత్త పాఠం కూడా కాదు. 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రి బళ్ళకి పోయి అక్షరాలు నేర్చుకున్నది మన పిన్నమ్మలూ, పెద్దమ్మలే. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా కొట్టు మీదికి లేచింది ఆ చదువు ఇచ్చిన ధైర్యంతోనే. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా బందైంది. ఆ ఊపులోనే పొదుపు సంఘాలు పెట్టుకున్నారు. వేలిముద్ర వేసే చెయ్యి సంతకం పెట్టడం నేర్చుకున్నాక, కాగితంలో ఏం రాసిందో చదవకుండా సంతకం పెట్టదు. మన కాలానికి ఈ అకౌంట్లు, పాస్‌వర్డులే సంతకాలు. చదవకుండా ఇంకొకరి చేత పెట్టించుకుంటున్నాం, అంతే తేడా.

కొన్ని జాగ్రత్తలు

నేను దెబ్బ తిని నేర్చుకున్నవి, మీరు ఊరికే నేర్చుకోండి.

కొన్న రోజునే అకౌంటు మీ పేరుతో, మీ నంబరుతో, మీ ఎదురుగానే చేయించుకోండి. పాస్‌వర్డు మీరే కొట్టండి. దాన్ని ఒక నోటు పుస్తకంలో రాసి నగలు పెట్టే చోట పెట్టండి. బిల్లు మీ పేరు మీద రాయించి జెరాక్సు తీసి, అట్టపెట్టెతో పాటు దాయండి.

పోకూడనివి ఏవో ఈ రోజే చూసుకుని ఇంకో చోట పెట్టండి. మెమరీ కార్డులోనో, పెన్‌డ్రైవులోనో, అకౌంటులోనో. ఒక్క చోట ఉంటే లేనట్టే.

అప్‌డేటు వాయిదా వెయ్యకండి. బ్యాటరీ సగం పైన ఉన్నప్పుడు, ఛార్జరు తగిలించి చెయ్యండి.

షాపుకి ఇచ్చేటప్పుడు సిమ్మూ, కార్డూ తీసి ఇవ్వండి. ఓటీపీ ఎవరు అడిగినా చెప్పకండి. "సాఫ్ట్‌వేరా, బోర్డా? ఎట్లా తెలిసింది? లోపలున్నవి పోతాయా?" ఈ మూడు ప్రశ్నలూ అడిగి, జవాబు విన్నాకే సరే అనండి.

ఇంట్లో చేసుకుంటామంటే కంపెనీ వాళ్ళు ఇచ్చే సాఫ్ట్‌వేరే వాడండి. ఐప్యాడ్‌ని కంప్యూటరుకి తగిలించి మళ్ళీ మొదటిలా చేసుకునే ఏర్పాటు యాపిల్ వాళ్ళే ఇస్తారు. ఇంకొన్ని కంపెనీలు కూడా అట్లాంటివి ఇస్తున్నాయి. ఎక్కడ పడితే అక్కడ దొరికే ఫైళ్ళల్లో దొంగ సరుకు ఉంటుంది. గ్యారంటీ ఉంటే అసలు చెయ్యి పెట్టొద్దు, సర్వీసు సెంటరుకే పొండి. బడిలోనో, ఆఫీసులోనో ఇచ్చిన ట్యాబు అయితే వాళ్ళకే అప్పజెప్పాలి. అందులో వాళ్ళ తాళాలు వేరే ఉంటాయి. బ్యాటరీ ఉబ్బినా, నీళ్ళల్లో పడినా, బొమ్మే రాకపోయినా అది మన పని కాదు. బొమ్మ దగ్గర ఆగినవన్నీ సాఫ్ట్‌వేరుతో బాగైపోతాయనీ లేదు. ఒక్కోసారి లోపలి మెమరీయే చచ్చిపోయి ఉండొచ్చు. కానీ బోర్డు మార్చే ముందు సాఫ్ట్‌వేరు వేసి చూడమని అడిగే హక్కు మనకుంది.

హక్కంటే గుర్తొచ్చింది. కొన్న వస్తువుని బాగు చేయించుకునే హక్కు గురించి కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో ఒక పోర్టల్ తెరిచింది. వస్తువు ఎట్లా బాగు చేసుకోవాలో, సర్వీసు సెంటర్లు ఎక్కడున్నాయో అందులో చేరిన కంపెనీలు వివరాలు పెట్టాలి. అన్యాయం జరిగిందనిపిస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చెయ్యొచ్చు. ఇంత చేసినా బాగుపడకపోతే చెత్తకుండీలో మాత్రం వెయ్యకండి. బ్యాటరీలో ఉన్న విషం మట్టిలోకి, నీళ్ళల్లోకి పోతుంది. ఎలక్ట్రానిక్ చెత్తకు 2022లో వేరే నిబంధనలే వచ్చాయి, అవి 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్నాయి. అమ్మిన కంపెనీలకి దాని బాధ్యత ఉంది.

చివరిగా ఒక మాట

"ఇంత గోల ఎందుకు, కొత్తది కొనుక్కుంటే పోలా?" అంది మా పక్కింటి వదిన. పోతుంది వదినా. డబ్బు పోతుంది. అంతకంటే ముందు, మళ్ళీ ఇంకో షాపు కుర్రాడి పేరు మీదే కొత్త ట్యాబు కూడా మొదలవుతుంది. ఉన్నదాన్ని ఎందుకు పాడైందో తెలుసుకోని వాళ్ళకి కొత్తది కూడా పాతదే.

మా అమ్మ రికార్డింగులు పోయాయి. పదకొండు ఉండేవి. అయితే వాటిల్లో రెండు ఎప్పుడో మా తమ్ముడికి వాట్సాప్‌లో పంపా. వాడు చెరపలేదు. ఒకదాంట్లో పులుసు సంగతి సగమే ఉంది. మిగతా సగం నన్ను తిట్టడమే. "చెప్పింది విని ఊరుకోకు, చేసి చూడు. అప్పుడు గానీ నీకు రాదు" అంటుంది అందులో.

ఇప్పుడా రెండూ నాలుగు చోట్ల దాచా. ట్యాబులో అకౌంటు నా పేరుతో ఉంది. పాస్‌వర్డు నాకు తెలుసు. మా అమ్మాయికి తెలుసు. ఇంకెవరికీ తెలీదు.

ఇంతకీ మీ చేతిలో ఉన్న ఫోను ఎవరి పేరుతో ఉందో మీకు తెలుసా? ఈ పేజీ మడిచి పక్కన పెట్టే ముందు ఒకసారి తీసి చూడండి.